తెల్లారేసరికి ఫీడర్ ఖాళీ: టూసాన్ పెరట్లో గబ్బిలాల సంగతి

ప్రశ్న: ఈ వేసవిలోనే అరిజోనాలో టూసాన్ పక్కన వేల్‌కి మారాం. పెరట్లో రెండు హమ్మింగ్ బర్డ్ ఫీడర్లు (ఆ బుల్లి పిట్టలు తాగడానికి పంచదార నీళ్లు పోసి వేలాడదీసే సీసాలు) పెట్టాను. ఆగస్టు మొదలైన దగ్గర్నుంచి సాయంత్రం నిండుగా ఉన్నవి తెల్లారేసరికి ఖాళీ అయిపోతున్నాయి. నిన్న రాత్రి తలుపు తీసి చూస్తే గబ్బిలాలు! పెస్ట్ కంట్రోల్ అతన్ని పిలిస్తే అల్ట్రాసోనిక్ మెషీన్లు రెండు పెట్టాలి, 400 డాలర్లవుతుంది అన్నాడు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు అపశకునం అంటున్నారు, మావారు నీపా వైరస్ అంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఫీడర్లు తీసేయాలా? తీసేస్తే పిట్టలకి ఇబ్బందా?

సమాధానం:

ఫీడర్లు తీసేయక్కర్లేదండి. ఆ 400 డాలర్లు కూడా ఇవ్వకండి. మీ ఇంటికి వస్తున్నవి ఏడాదిలో రెండు మూడు నెలలు మాత్రమే ఉండి వెళ్లిపోయే గబ్బిలాలు. మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే, రాత్రిపూట ఆ సీసా బయట ఉండాలా, లోపల ఉండాలా అన్నది. మిగతాదంతా శుభ్రత, కాస్త జాగ్రత్త.

మీరు కళ్లారా చూశారు కాబట్టి మీ విషయంలో అనుమానం లేదు. కానీ ఇదే ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది చూడకుండానే గబ్బిలాల మీదకి తోసేస్తారు. ఫీడర్ ఖాళీ అవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. తలకిందులుగా వేలాడే సీసా రకం ఫీడర్‌లో సగం నీళ్లు, సగం గాలి ఉంటే, ఎండ తగలగానే లోపలి గాలి వ్యాకోచించి నీళ్లను బయటికి తోసేస్తుంది. అరిజోనా ఎండకి ఇది రోజూ జరిగేదే. పగలైతే గీలా వడ్రంగి పిట్ట వచ్చి వాలి గటగటా తాగిపోతుంది. రాత్రుళ్లు రకూన్‌లు, రింగ్‌టెయిల్‌లు (చారల తోకున్న చిన్న జంతువులు) కూడా వస్తాయి. సియెర్రా విస్టా వైపు కొండల దగ్గర ఇళ్లున్నవాళ్లకైతే ఎలుగుబంట్లే వస్తాయి. ఫీడర్ కింద పడిపోయినా, కొక్కెం వంగినా, సీసా పగిలినా అది గబ్బిలం పని కాదు. గబ్బిలం బరువంతా కలిపి పాతిక, ముప్పై గ్రాములు మించదు.

తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. చీకటి పడ్డాక సీసా మీద నీళ్ల మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి, కింద నేల మీద పాత న్యూస్ పేపర్లు నాలుగు పరిచి పడుకోండి. పొద్దున్నే చూస్తే, కారుతున్న ఫీడరైతే సరిగ్గా దాని కిందే ఒక జిగట మడుగు ఉంటుంది. గబ్బిలాలైతే చుక్కలు చుట్టూ చెదిరి ఉంటాయి. వాటి మధ్యలో పసుపు రంగు మరకలు, పలచగా చిమ్మినట్టు, పక్క గోడ మీద కూడా కనిపిస్తాయి. అది వాటి రెట్ట. పుప్పొడి తినడం వల్ల ఆ పసుపు. ఈ రంగు కనిపించిందంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక ఆ వచ్చేవి ఎవరు అన్నది. అరిజోనాలో 28 రకాల గబ్బిలాలున్నాయి. వాటిలో పువ్వుల్లోని తేనె తాగి బతికేవి రెండే: లెస్సర్ లాంగ్-నోజ్డ్ బ్యాట్ ఒకటి, మెక్సికన్ లాంగ్-టంగ్డ్ బ్యాట్ రెండోది. మీ వైపు సీజన్‌లో ఎక్కువగా కనిపించేది మొదటిది. క్యాంప్‌బెల్ అవెన్యూలో రిలీటో నది వంతెన కింద నుంచి సాయంత్రం వేళ వేలకొద్దీ ఎగిరే గబ్బిలాలను చూడడానికి జనం వెళ్తుంటారు కదా, అవి ఇవి కావు. అవి పురుగులు తినేవి, మీ పంచదార నీళ్లతో వాటికి పనిలేదు.

లెస్సర్ లాంగ్-నోజ్డ్ చలికాలమంతా మెక్సికోలో ఉంటుంది. వసంతంలో కడుపుతో ఉన్న ఆడవి ఉత్తరానికి బయల్దేరి, ఏప్రిల్, మే నెలలకి అరిజోనా నైరుతి ఎడారి చేరి, అక్కడి గుహల్లో, పాత గనుల్లో పిల్లల్ని పెడతాయి. ఆ సమయానికి సవారో కాక్టస్ పూస్తుంది. సవారో పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది, అంటే మొదటి వంతు గబ్బిలాలదే. సవారో పూత, పండు అయిపోయాక జూలై, ఆగస్టులకి అవి తూర్పుకి, అంటే టూసాన్ నుంచి సరిహద్దు కొండల దాకా జరుగుతాయి. అప్పుడు ఇక్కడ అగావే పూస్తుంది కాబట్టి. అగావే అంటే మన ఊళ్లలో పొలం గట్ల మీద కంచెగా వేసే కిత్తనార తెలుసు కదా, ఆ కుటుంబమే. ఏళ్ల తరబడి ఆకులు మాత్రమే వేసుకుంటూ ఉండి, ఒకే ఒక్కసారి మధ్యలోంచి పెద్ద కాడ లేపి, పూసి, చచ్చిపోతుంది. కొండ మీద ఒక ఏడు బాగా పూస్తుంది, ఇంకో ఏడు పూయదు. పూత తక్కువైన ఏడు మీ ఫీడర్ల దగ్గర రద్దీ పెరుగుతుంది. సెప్టెంబరు చివరికి, మరీ ఆలస్యమైతే అక్టోబరుకి, తిరిగి దక్షిణానికి వెళ్లిపోతాయి. మీరు ఆగస్టు మొదలైన దగ్గర్నుంచి అన్నారు చూశారా, లెక్క సరిగ్గా కుదిరింది.

ఇవి ఒకే రాత్రి గూటి నుంచి ముప్పై మైళ్లు, అంతకంటే దూరం కూడా వెళ్లి మేసి వస్తాయి. కాబట్టి మీ పెరట్లోకి వచ్చాయంటే మీ ఇంట్లోనో, అటకలోనో గూడు పెట్టాయని కాదు. అందుకే పెస్ట్ కంట్రోల్ అతనికి ఇక్కడ పనే లేదు. అటకలో గబ్బిలాలు దూరడం వేరే సమస్య, దానికి వేరే మనుషులున్నారు. అతను ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి మీకు ధర చెప్పాడు.

ఇంకో విషయం. ఈ జాతిని 1988లో అమెరికా ప్రభుత్వం అంతరించిపోయే జాబితాలో చేర్చింది. అప్పటికి తెలిసిన గూళ్లు 14, గబ్బిలాలు వెయ్యి కంటే తక్కువ. అమెరికా, మెక్సికో రెండు దేశాల్లోనూ గుహలను కాపాడుతూ, లెక్కపెడుతూ వచ్చాక, 2018 నాటికి 75 గూళ్లు, దాదాపు 2 లక్షల గబ్బిలాలు తేలాయి. ఆ ఏడాది జాబితాలోంచి తీసేశారు. కోలుకున్నందువల్ల ఆ జాబితా దాటిన మొదటి గబ్బిలం ఇదే. టూసాన్ ప్రాంతంలో ఇళ్లవాళ్లు తమ ఫీడర్లు గమనించి వివరాలు పంపే కార్యక్రమం కూడా చాలా ఏళ్లుగా నడుస్తోంది. మరానా పట్టణం, అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ కలిసి నడిపిస్తాయి. మీ పెరట్లో ఖాళీ అయ్యే సీసా వాళ్లకి ఒక సమాచారం.

సరే, భయాల సంగతి. మీవారు నీపా అన్నారు. 2018లో కేరళలో కోళికోడ్ వైపు వచ్చింది కాబట్టి మనందరికీ గబ్బిలం అనగానే అదే గుర్తొస్తుంది. కానీ నీపా మోసేవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, మన ఊళ్లలో రావిచెట్లకి, మర్రిచెట్లకి గుత్తులుగా వేలాడేవి. ఆ జాతులు అమెరికా ఖండాల్లో లేవు. ఇక్కడి గబ్బిలంతో నీపాకి సంబంధం లేదు. రక్తం తాగే గబ్బిలాలు కూడా అరిజోనాలో లేవు, ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

రేబిస్ మాత్రం నిజమైన విషయం, ఇక్కడ నేను తేలిగ్గా మాట్లాడను. ఫీడర్ దగ్గర ఎగురుతూ తాగిపోయే గబ్బిలం వల్ల మీకేం కాదు, అది మనిషి జోలికి రాదు. మీరు పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నా మిమ్మల్ని తప్పించుకుని వెళ్తుంది. ప్రమాదమంతా ముట్టుకోవడంలో ఉంది. పగటిపూట నేల మీద పడి ఉన్న గబ్బిలం, ఎగరలేక పాకుతున్న గబ్బిలం జబ్బుదై ఉండొచ్చు. దాని పంటిగాటు ఎంత చిన్నదంటే కరిచినట్టే తెలియకపోవచ్చు. నాలుగేళ్ల పిల్లాడికి నేల మీద కదిలేది ఏది కనిపించినా చేతిలోకి తీసుకోవడమే కదా. కాబట్టి ఈ రెండు నెలలూ పొద్దున్నే బాబుని పెరట్లోకి వదిలే ముందు మీరొకసారి ఫీడర్ కింద, గోడ మూలల్లో చూసి రండి. ఏదైనా కనిపిస్తే దాని మీద అట్టపెట్టె బోర్లించి కౌంటీ వాళ్లకి ఫోన్ చేయండి. బాబుకి మాత్రం భయపెట్టకుండా, "చూడొచ్చు, ముట్టుకోకూడదు" అని ఒక్క మాట నేర్పండి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే రేబిస్ టీకాలు వేయించి ఉండాలి. పిల్లిని రాత్రి బయటికి వదలకండి, ఎగిరే గబ్బిలాన్ని కూడా అందుకోగలదది.

ఒకవేళ ఎప్పుడైనా గబ్బిలం ఇంట్లోకి వస్తే? స్లైడింగ్ డోర్ తీసి ఉంచితే రావచ్చు, తేనె కోసం కాదు, దారి తప్పి. అందరూ మెలకువగా ఉండి, ఎవరినీ తాకలేదని ఖచ్చితంగా తెలిస్తే, లోపలి గదుల తలుపులు మూసేసి, లైట్లు ఆర్పి, బయటి తలుపు బార్లా తీస్తే అదే పోతుంది. కానీ నిద్రపోతున్న మనిషి ఉన్న గదిలో, ముఖ్యంగా పిల్లాడి గదిలో కనిపిస్తే దాన్ని బయటికి పంపేయకండి. తలుపు మూసి, కింద సందులో తువ్వాలు దోపి, పీమా కౌంటీ ఆరోగ్య శాఖకి ఫోన్ చేయండి. వాళ్లు దాన్ని పరీక్ష చేయించి, టీకా కావాలో వద్దో చెబుతారు. ఇందులో మొహమాటం, బద్ధకం రెండూ పనికిరావు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

అత్తగారి శకునం గురించి నేనేం వాదించను. అది ఇంట్లోకి గబ్బిలం దూరితే అనే మాట, పెరట్లో పువ్వు దగ్గరికి వస్తే కాదు అని మెల్లగా చెప్పి చూడండి. ఇప్పచెట్టు ఉన్న ఊరివారైతే ఆవిడకే తెలిసి ఉంటుంది. ఇప్పపువ్వు రాత్రి గబ్బిలాల కోసమే కదా. ఒకసారి చీకట్లో పక్కన కూర్చోబెట్టి చూపించండి. రెక్కలు విప్పితే అడుగు పైనే వెడల్పు, చప్పుడు చేయకుండా వచ్చి, ఫీడర్ ముందు అర క్షణం గాల్లో ఆగి, ఇంత పొడుగు నాలుక లోపలికి చాచి, మనం చూశామో లేదో అనుకునేలోపు వెళ్లిపోతుంది. వెనకే ఇంకొకటి. నాలుక కొస మీద కుంచెలాగా సన్నని నూగు ఉంటుంది, నీళ్లను అదే పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. చూసేటప్పుడు ఫోన్ టార్చ్ ముఖం మీద కొట్టకండి. ఎర్ర కాగితం చుట్టిన చిన్న లైటు చాలు.

ఇప్పుడు అసలు పని. గబ్బిలాలు వద్దనుకుంటే ఫీడర్లు రాత్రికి లోపల పెట్టేయండి. అంతే. దీనికంటే నమ్మకమైన ఉపాయం లేదు, ఖర్చూ లేదు. కానీ వేళలు పాటించాలి. హమ్మింగ్ బర్డ్ చీకటి పడేవరకూ తాగుతూనే ఉంటుంది, రాత్రంతా ఉపవాసం ఉండాలి కాబట్టి. నాలుగు గ్రాముల పిట్ట, రాత్రి ఒంటి వేడి బాగా తగ్గించుకుని దాదాపు మొద్దుబారినట్టు ఉండిపోతుంది. తెల్లవారుతూనే దానికి తిండి కావాలి, ఆలస్యమైతే కష్టం. ఆగస్టు చివర్లో ఇక్కడ సూర్యోదయం సుమారు 5:50కి. పిట్టలు అంతకు అరగంట ముందే వచ్చేస్తాయి. అంటే అయిదుంబావుకల్లా ఫీడర్ బయట ఉండాలి. సాయంత్రం అయితే పూర్తిగా చీకటి పడ్డాక తీయండి. ఆ వేళకి లేవడం మీవల్ల కాదనుకుంటే తీయడం మొదలుపెట్టకపోవడమే మేలు. రాత్రి తీసి పొద్దున్న ఎనిమిదింటికి పెడితే నష్టపోయేది పిట్టలే. ఒకటీ రెండు రాత్రులు తీసి, వారాంతంలో మర్చిపోయి, మళ్లీ తీయడం వల్ల కూడా ఫలితం ఉండదు. తిండి ఉన్న చోటు వీటికి బాగా గుర్తుంటుంది, కొన్ని రాత్రులు వచ్చి చూసి పోతాయి. ఖాళీ కొక్కెమే కనిపిస్తుంటే మానేస్తాయి.

తీయడం కుదరనివాళ్లకి మధ్యేమార్గం ఒకటుంది. సూర్యాస్తమయానికి ఫీడర్‌లో కొంచెమే మిగిలేలా, అంటే పిట్టలకి ఆఖరి గుక్క సరిపోయేంతే ఉండేలా నింపుకోవడం. రాత్రికి గబ్బిలాలకి దొరికేది తక్కువ. పొద్దున్నే కొత్త నీళ్లు పోయడం మాత్రం తప్పదు. ఇది నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే పొద్దున్న ఆలస్యమైతే పిట్టకి ఖాళీ సీసా దొరుకుతుంది. కానీ చాలామంది ఇలాగే నెట్టుకొస్తున్నారు.

గబ్బిలాలు వస్తే రానీ అనుకుంటే (నా ఓటు దీనికే) అప్పుడు చూసుకోవాల్సింది కారడం. గబ్బిలాల వల్ల వచ్చే ఇబ్బంది అంతా ఇందులోనే ఉంది. ఎగురుతూ తాగేటప్పుడు ఫీడర్ ఊగుతుంది, చుక్కలు పడతాయి. పొద్దున్న ఆ జిగట మీదకి ముందు చీమలు, తర్వాత తేనెటీగలు. ఇక్కడి తేనెటీగలతో జాగ్రత్త. 1993 నుంచి అరిజోనాలో ఆఫ్రికన్ సంకర జాతి ఉంది, అవి రెచ్చిపోతే గుంపుగా మీద పడతాయి. బాబు ఆడుకునే చోట పంచదార జిగట ఉండకూడదు. గబ్బిలం కంటే నాకు ఈ తేనెటీగల గురించే ఎక్కువ టెన్షన్.

అందుకని రాత్రిపూట బయట ఉంచే ఫీడర్‌ని డాబా (ప్యాటియో) కప్పు కింద, గోడకి ఆనుకుని కాకుండా, పెరట్లో వెనక వైపు, కంకర పరిచిన చోట ఒక ఇనుప కొక్కేనికి వేలాడదీయండి. చుట్టూ ఆరేడు అడుగులు ఖాళీ ఉంటే గబ్బిలానికి తిరగడానికి వీలు, మీ గోడకి మరకలు అంటవు. స్టకో (సిమెంటు పూత) గోడ మీద పసుపు మరక ఎండితే ఒక పట్టాన పోదు, పచ్చిగా ఉన్నప్పుడే హోస్ పైపుతో కొడితే పోతుంది. పక్కింటి గోడకి దగ్గరగా పెట్టకండి, వాళ్ల కారు మీద రెట్ట పడితే హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) దాకా వెళ్తుంది. సీసా రకం బదులు పళ్లెంలా వెడల్పుగా ఉండి, పైన రంధ్రాలున్న రకం కొనండి. దాన్ని కూడా గబ్బిలాలు తాగుతాయి, కానీ ఎండకి కారదు, ఊగినా తక్కువ చిమ్ముతుంది, కడగడం సులువు. పైన చీమలు దిగకుండా నీళ్లు పోసే చిన్న గిన్నె ఒకటి తగిలించుకోండి.

రెండు ఫీడర్లున్నాయి అన్నారు కదా, నేనైతే మీ స్థానంలో ఒకటి డాబాలో పిట్టలకి, ఇంకొకటి వెనక గబ్బిలాలకి అని విడదీస్తాను. డాబాలోది చీకటి పడ్డాక లోపలికి, వెనకది బయటే. అప్పుడు పొద్దున్న ఒక ఐదు నిమిషాలు ఆలస్యమైనా వెనక ఫీడర్లో ఎంతో కొంత మిగిలి ఉంటే పిట్టలు సర్దుకుంటాయి. పెద్ద గుంపు వచ్చిన రాత్రి అది కూడా మిగలదు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అల్ట్రాసోనిక్ మెషీన్లు బయట పెరట్లో దండగ. అంత పైస్థాయి శబ్దం గాల్లో కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. పెద్ద లైట్లు వేసి తరిమేద్దాం అనుకుంటే లైటుకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం ఇంకో రకం గబ్బిలాలు వస్తాయి. పైగా కొండల మీది అబ్జర్వేటరీల కోసం పీమా కౌంటీలో బయటి లైట్ల మీద నిబంధనలున్నాయి. ఫీడర్‌కి వాజిలైనో, నూనో రాయడం అస్సలు వద్దు, అది పిట్ట ఈకలకి అంటితే పిట్ట ఎగరలేదు, అంతటితో దాని పని అయిపోయినట్టే. వల కట్టడం కూడా వద్దు, పిట్టలూ చిక్కుకుంటాయి, గబ్బిలాలూ చిక్కుకుంటాయి. చిక్కుకున్న గబ్బిలాన్ని విడిపించబోతే కరుస్తుంది, మళ్లీ రేబిస్ కథకి వస్తాం. నీళ్లలో కారం కలపమని ఒకాయన సలహా ఇవ్వగా విన్నాను. ఆ నీళ్లు పొద్దున్న తాగేది హమ్మింగ్ బర్డే అని ఆయనకి తట్టలేదు.

నీళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతా. ఒక కప్పు మామూలు తెల్ల పంచదార, నాలుగు కప్పుల నీళ్లు. ఎర్ర రంగు వద్దు. బెల్లం, తేనె, బ్రౌన్ షుగర్, షుగర్ ఫ్రీ ఏవీ వద్దు. బెల్లం మంచిది కదా అని మనవాళ్లకి చెయ్యి లాగుతుంది. అందులో ఉండే ఇనుము ఈ పిట్టలకి హాని, తేనె అయితే త్వరగా పులిసి బూజు పడుతుంది. గబ్బిలాలకని చిక్కగా కలపక్కర్లేదు, అదే పాళ్లు చాలు. నూరు డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండలో రెండు రోజుల్లోనే పులుస్తుంది. గబ్బిలాలు వచ్చే రోజుల్లో పుప్పొడి కూడా నీళ్లలో పడుతుంది కాబట్టి, మిగిలినా సరే, రోజూ పొద్దున్న పారబోసి, వేడి నీళ్లతో బ్రష్ పెట్టి కడిగి కొత్తవి పోయండి. రంధ్రాల లోపల నల్లటి బూజు కనిపిస్తే వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడగాలి. కలిపింది ఎక్కువైతే ఫ్రిజ్‌లో ఒక వారం నిల్వ ఉంటుంది. కాస్ట్‌కోలో పెద్ద పంచదార బస్తా తెచ్చుకోండి, సెప్టెంబరు దాటేసరికి ఎంత అయిపోయిందో మీకే తెలుస్తుంది.

ఫీడర్ ఉంచితే వాటి వలస ఆగిపోతుందేమో అని కొందరికి దిగులు. పంచదార నీళ్లలో శక్తి తప్ప ఇంకేం లేదు. వాటికి కావాల్సిన ప్రోటీన్ పుప్పొడి నుంచే రావాలి, అంటే పువ్వుల వెంట వెళ్లక తప్పదు. అందుకే ఫీడర్‌తో పాటు మొక్క కూడా పెట్టండి అంటాను. పామర్ అగావే ఇక్కడి కొండల మొక్కే, నీళ్లు పెద్దగా అడగదు, స్థానిక మొక్కలమ్మే నర్సరీల్లో చిన్నవి దొరుకుతాయి. పూయడానికి చాలా ఏళ్లు పడుతుంది, కాబట్టి ఒకేసారి నాటకుండా ఏడాదికొకటి చొప్పున నాటితే పూత కూడా ఒకదాని తర్వాత ఒకటి వస్తుంది. ముళ్లు సూదుల్లా ఉంటాయి, బాబు పరిగెత్తే దారిలో మాత్రం వద్దు.

నవంబరు వచ్చాక కూడా ఫీడర్ రాత్రిళ్లు తగ్గుతూ ఉంటే కంగారు పడకండి. మెక్సికన్ లాంగ్-టంగ్డ్ గబ్బిలాలు కొన్ని చలికాలంలో కూడా టూసాన్ వైపు ఉండిపోతున్నాయి, ఫీడర్లే వాటికి ఆధారం. అప్పుడు మాత్రం హఠాత్తుగా తీసేయకుండా ఉంటే మంచిది, బయట పువ్వులు ఉండవు కాబట్టి. ఈ రెండింటినీ విడదీసి గుర్తుపట్టడం కష్టం కాదు. లాంగ్-టంగ్డ్ మూతి మరింత పొడుగు, వెనక కాళ్ల మధ్య చర్మపు పొర వెడల్పుగా ఉండి అందులో చిట్టి తోక కనిపిస్తుంది. లెస్సర్ లాంగ్-నోజ్డ్‌కి బయటికి కనిపించే తోకే లేదు, పొర కూడా కాళ్ల పక్కన సన్నటి అంచులా ఉంటుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, అది ఫీడర్‌కి ఎదురుగా ఉన్నప్పుడు వెనక నుంచి కాళ్లు కనిపించేలా వీడియో తీసి ఇక్కడ పెట్టండి, అది ఏ రకమో చెబుతాను.